ఖాళీ కంటైనర్‌ను రాళ్ల బండి మీద ఎలా కట్టాలి?

చీమకుర్తి రాళ్లబండి:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. నలభై అడుగుల ప్లాట్‌ఫాం ట్రెయిలర్ నడుపుకుంటున్నాను. బండి నాదే అంటాను గానీ ఇంకా పదకొండు వాయిదాలు ఫైనాన్స్ వాళ్లవి. పద్దెనిమిదేళ్లుగా క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు కృష్ణపట్నానికీ చెన్నైకీ తోలుతున్నాను. రాయి సంగతి అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా చెబుతాను. ఘనపు మీటరు మూడు టన్నుల దాకా తూగే రాయి అది. ఇరవై టన్నుల బ్లాకును చెక్క దిమ్మెల మీద దించితే బండి ఒక్కసారి మూలిగి ఊరుకుంటుంది. ఆ తర్వాత చెన్నై చేరేదాకా దాని గురించి ఆలోచించే పని ఉండదు. చుట్టూ ఒక గొలుసు వేస్తాం, అది మర్యాద కోసం. దాన్ని పట్టి ఉంచేది దాని బరువే.

ఇప్పుడు నన్ను తిప్పలు పెడుతున్నది బరువు లేని సరుకు.

జూన్ రెండో వారంలో చెన్నైలో రాయి దింపాక ఒక కిరాయి తగిలింది. ఉలవపాడు దగ్గర రొయ్యల చెరువులున్న రైతు ఒకాయన మేత బస్తాలు పెట్టుకోవడానికి మాధవరం వైపు ఒక యార్డులో ఇరవై అడుగుల పాత కంటైనర్లు రెండు కొన్నారు. ఖాళీగా తిరిగి వచ్చే బండికి డీజిల్ ఖర్చు దొరికినా చాలు కదా, సరేనన్నాను. క్రేనుతో రెండూ ఎక్కించారు. ఒక్కోదాని మీదుగా ఒక మోకు, పిడి ఆడించి బిగించే రాట్చెట్ బెల్టు ఒకటి వేసి బిగించాను. "ఖాళీవే కదా అన్నా, రెండున్నర టన్నులు కూడా ఉండవు, ఎక్కడికి పోతాయి?" అన్నాడు యార్డు కుర్రాడు. నాకూ అలాగే అనిపించింది.

నెల్లూరు దాటేదాకా బాగానే ఉంది. దగదర్తి దాటి కావలి వైపు వస్తున్నప్పుడు మధ్యాహ్నం రెండయింది. ఆ నెలలో పడమటి గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నోటినిండా దుమ్ము, కళ్లలో మంట. మన హైవే దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది కాబట్టి ఆ గాలి వచ్చి బండి ఎడమ పక్కనే కొడుతుంది. కుడి అద్దంలో చూశాను. వెనక పెట్టె గోడ ముందు పెట్టె గోడకంటే బయటికి కనిపిస్తోంది. అద్దం కదిలిందేమోనని సర్దాను. అద్దం సరిగానే ఉంది.

పక్కకు ఆపి దిగి చూస్తే వెనక పెట్టె బెత్తెడు బయటికి వచ్చేసి ఉంది. మూల కింద ట్రెయిలర్ రేకు మీద మేకుతో గీసినట్టు తెల్లటి గీత. బెల్టును చేత్తో పట్టుకుంటే ఉయ్యాల తాడులా ఊగింది. మోకు పై అంచు దగ్గర సగం పోగులు తెగి పీచులా లేచి ఉంది. అంతకు రెండు నిమిషాల ముందే ఒక మోటారు సైకిల్ నన్ను కుడి వైపు నుంచి దాటి వెళ్లింది. భార్యాభర్తలు, మధ్యలో ఒక పాప. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

కావలి నుంచి హైడ్రా క్రేను తెప్పించి పెట్టెను సర్ది, ఉన్న గొలుసులన్నీ చుట్టి, ముప్పై మీద నడిపి చేర్చాను. వచ్చిన కిరాయి హైడ్రాకే సరిపోయింది.

ఇప్పుడు అదే రైతు, పక్క చెరువుల వాళ్లు కలిసి నలభై అడుగులవి ఆరు తెమ్మంటున్నారు. అన్నీ హై క్యూబ్, అంటే మామూలు వాటికంటే ఒక అడుగు ఎత్తు ఎక్కువ. నా బండి రాళ్ల కోసం కట్టించినది, పెట్టె మూలలను కింది నుంచి పట్టి ఉంచే ట్విస్ట్ లాకులు లేవు. ఒకరు లోపల ఇసుక బస్తాలు వేయమంటారు. ఒకరు రేకుకు యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేయించమంటారు. బెల్టులు నాలుగు చేస్తే చాలని ఇంకొకరు. అసలు రాయి జరగని చోట ఖాళీ పెట్టె ఎందుకు జరుగుతుంది? ఎక్కడ ఏం కట్టాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి. దేవుడి మీద భారం వేసి నడపమని మాత్రం చెప్పకండి, ఆ పని పద్దెనిమిదేళ్లుగా చేస్తూనే ఉన్నాను.


కావలి లారీ:

అన్నా, అనవసరంగా భయపడుతున్నావు. మోకు పాతదై ఉంటుంది. కొత్త మోకు రెండు చుట్లు వేసి, లోపల ఇసుక బస్తాలు ఓ నలభై పడేస్తే కదలదు. నేను ఎన్ని తెచ్చానో లెక్కే లేదు, ఒక్కటీ పడలేదు.


పాతకాపు, వెంకటాచలం:

చీమకుర్తి తమ్ముడూ, అద్దంలో చూసినందుకు ముందు నీకు దండం. చాలామంది చూడరు. చూసినా అద్దం సర్దుకుని ఊరుకుంటారు. నేను పోర్టులో తొమ్మిదేళ్లు కంటైనర్లకు లాషింగ్, అంటే కట్టి బిగించే పని చేశాను. మోకాళ్లు అరిగాక ఇప్పుడు హైవే పక్కన కొట్టు పెట్టుకుని బండ్లకు గొలుసులు, బెల్టులు అమ్ముతున్నాను. కాబట్టి నా మాటలో కొంత వ్యాపారం ఉందనుకున్నా తప్పులేదు.

కంటైనర్ పొట్ట కింద ఎప్పుడైనా వంగి చూశావా? అడుగంతా బండికి ఆనుకుని ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆనదు. నాలుగు మూలల్లో పోత ఉక్కు దిమ్మెలు ఉంటాయి, కార్నర్ క్యాస్టింగులు అంటాం. అవి అడుగు దూలాలకంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంటాయి. నేల మీద పీట నిలబడ్డట్టు పెట్టె ఆ నాలుగు కాళ్ల మీదే నిలబడుతుంది. ఒక్కో పాదం 178 మిల్లీమీటర్ల పొడవు, 162 వెడల్పు. అరచేయి కంటే కాస్త పెద్దది, అంతే. నీ బండి రేకు ఏళ్ల తరబడి రాళ్లు మోసి అరిగి నున్నబడి ఉంటుంది, దాని మీద రాతిపొడి. గచ్చు మీద సన్న ఇసుక ఉంటే చెప్పు ఎలా జారుతుందో తెలుసు కదా. నీ పెట్టె పాదాల కింద ఉన్నది అదే.

ఇంకొకటి. రాళ్ల బండి స్ప్రింగులు రాళ్ల కోసం కట్టినవి. ఇరవై టన్నులు పడితే అణిగి కూర్చుంటాయి. రెండు టన్నుల పెట్టె వాటికి ఈగ వాలినట్టు. వంతెన అతుకు వచ్చిన ప్రతిసారీ బండి ఎగురుతుంది, పెట్టె పాదం ఒక్క క్షణం తేలికవుతుంది, సరిగ్గా ఆ క్షణంలో గాలి నెడుతుంది. నీ పెట్టె ఒక్కసారిగా బెత్తెడు జరగలేదు. తడ నుంచి కావలి దాకా గింజంత, గింజంత జరుగుతూ వచ్చింది. జరిగిన కొద్దీ బెల్టు వదులైంది, వదులైన కొద్దీ ఇంకా జరిగింది. రేకు మీద గీత మళ్లీ ఒకసారి చూడు. ఒకే గీతలా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది.

బెల్టు సంగతి. పైనుంచి వేసిన బెల్టు పెట్టెను కిందికి నొక్కుతుంది, అంతే. పక్కకు పోకుండా పట్టుకోవడం దాని పని కాదు. పట్టుకోవాలంటే గొలుసు పెట్టె కింది మూలను నేరుగా పట్టాలి.

ఇరవై అడుగులది ఒక్కటే అయితే ఇలా చెయ్యి. ముందు రేకును చీపురుతో కాదు, నీళ్లు కొట్టి కడుగు, ఆరనివ్వు. నాలుగు పాదాల కింద జారుడు ఆపే రబ్బరు చాపల ముక్కలు వెయ్యి. పాత ట్యూబు ముక్కలు వద్దు, అవి నలిగి సబ్బు ముక్కల్లా అవుతాయి. పెట్టె ముందు వైపు ఎడమ కింది మూల నుంచి గొలుసును బండి కుడి అంచుకు, కుడి మూల నుంచి ఎడమ అంచుకు, కత్తెర పడేలా లాగు. వెనక కూడా అంతే. మొత్తం నాలుగు గొలుసులు, నాలుగు బిగింపులు. క్యాస్టింగ్ రంధ్రంలో ఉత్త కొక్కెం దూర్చవద్దు. ఆ రంధ్రం కోలగా ఉంటుంది, కొక్కెం ముక్కు అందులో పట్టినట్టే ఉండి గొలుసు ఒక్కసారి వదులు కాగానే ఊడి వస్తుంది. ఆ రంధ్రం కోసమే చేసిన లగ్ కొక్కెం అయినా ఉండాలి, అడ్డ బోల్టు ఉండే షాకిల్ అయినా ఉండాలి. గొలుసులు వేశాక, ఎగరకుండా పైనుంచి రెండు బెల్టులు. బెల్టు మడత పడే పై అంచు దగ్గర టైరు ముక్క పెట్టు. నీ మోకు తెగింది పాతదై కాదు, ఆ అంచు కోసింది.

తలుపు కడ్డీలకు ఏదీ కట్టవద్దు. ఫోర్క్‌లిఫ్ట్ దూర్చే సందుల్లోంచి తాడు పోనివ్వవద్దు. బయలుదేరిన పదిహేను ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగి ప్రతి గొలుసునూ చేత్తో పట్టి చూడు, మొదటి విడత వదులు అక్కడే బయటపడుతుంది.

ఇక నలభై అడుగుల హై క్యూబ్ అంటావా. నలభై అడుగుల బండి మీద నలభై అడుగుల పెట్టె పెడితే ముందూ వెనకా కత్తెర గొలుసు వేయడానికి చోటే మిగలదు, ఇరవైలు రెండు పెట్టినా అంతే. లాకులు లేకుండా ఆ కిరాయి ఒప్పుకోవద్దు. నా దగ్గర గొలుసులు కొనకపోయినా ఫర్వాలేదు.


మెకానికల్ టీచరమ్మ, ఒంగోలు:

పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాను. బండి నడపడం రాదు, లెక్క మాత్రం వేయగలను. పాతకాపు గారు కంటితో చూసి చెప్పినది కాగితం మీద ఎంతవరకు నిలుస్తుందో చూద్దామని కూర్చున్నాను. పూర్తిగా నిలిచింది. ఒక్క విషయంలో మాత్రం ప్రశ్న వేసిన తమ్ముడిదే తప్పు. అది చివర చెబుతాను.

నలభై అడుగుల హై క్యూబ్ ఖాళీ బరువు దాదాపు 3.9 టన్నులు. పొడవు 12.19 మీటర్లు, ఎత్తు 2.9 మీటర్లు, అంటే పక్క గోడ వైశాల్యం 35 చదరపు మీటర్లు. రెండు లారీల సరుకు మీద కప్పే పట్టాను తెరచాపలా నిలబెట్టినట్టు. గంటకు 72 కిలోమీటర్ల గాలి ఆ గోడకు అడ్డంగా కొడితే తోపుడు దాదాపు ఒక టన్ను. నున్నటి ఇనుము మీద ఇనుముకు పట్టు బరువులో అయిదో వంతు అనుకుందాం, అది 0.78 టన్ను. తోపుడు టన్ను, పట్టు ముప్పావు టన్ను. పెట్టె జరుగుతుంది. ఇంకా వెనక్కు లెక్క కడితే, ఏ కట్టూ లేని పెట్టె 62 కిలోమీటర్ల గాలి దగ్గరే లొంగిపోతుంది. అదీ బండి ఆగి ఉన్నప్పుడు. ఎగురుతున్న బండి మీద అంతకంటే ముందే. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు అవుతుందని మరచిపోవద్దు.

అందరూ భయపడేది పెట్టె బోర్లా పడుతుందని. ఒట్టి పెట్టె బల్ల మీదనుంచి ఒరిగిపోవాలంటే లెక్క ప్రకారం గాలి 125 దాటాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఉన్న గాలి 90 నుంచి 100, విసురుగా 110. అంటే తుఫాను గాలికి కూడా పెట్టె ఒరగకముందే జారుతుంది. జారి, అంచు దాటి, అప్పుడు పడుతుంది. కాబట్టి మొదట ఆపవలసింది జారుడును.

బెల్టు లెక్క చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. చేత్తో బిగించే మామూలు రాట్చెట్ బెల్టులో వచ్చే బిగువు దాదాపు మూడు వందల కిలోలు. రెండు వైపులా కలిపి ఆరు వందల కిలోల నొక్కుడు. అందులో అయిదో వంతు పట్టు, అంటే ఒక బెల్టు పెంచేది 120 కిలోలు. నాలుగు బెల్టులు వేసినా అర టన్ను కూడా రాదు. అదే పాదాల కింద మంచి రబ్బరు వేస్తే పట్టు బరువులో అయిదో వంతు నుంచి అయిదింట మూడు వంతులకు పెరుగుతుంది. 0.78 కాస్తా 2.3 టన్నులు. పది బెల్టులు చేయలేని పని నాలుగు రబ్బరు ముక్కలు చేస్తాయి. రబ్బరు వేశాక బెల్టు కూడా మూడు రెట్లు పనిచేస్తుంది.

ఇసుక బస్తాలు: నలభై బస్తాలు కలిపి రెండు టన్నులు అనుకుందాం. గాలికి కొంత ఉపయోగం ఉంది, కాదనను. బ్రేకు వేసినప్పుడు మాత్రం ఆ రెండు టన్నులూ లోపల విడిగా పరుగెడతాయి. వాటినెవరు కట్టారు?

ఇప్పుడు తమ్ముడి తప్పు. "రాయిని పట్టి ఉంచేది దాని బరువే" అన్నారు. గాలి విషయంలో నిజం. బ్రేకు విషయంలో కాదు. పట్టు బరువుతో పెరుగుతుంది, ముందుకు తోసే బలమూ అంతే బరువుతో పెరుగుతుంది. రెండూ సమానంగా పెరిగితే బరువు వల్ల ఒరిగేదేమిటి? గట్టిగా బ్రేకు పడితే సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు పోవచ్చనీ, పక్కకూ వెనక్కూ సగం బలంతో పోవచ్చనీ లెక్క వేసుకుని కట్టాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2014లో కలిసి రాసుకున్న నియమావళి చెప్పేది ఇదే. ఇరవై టన్నుల బ్లాకుకు అది 16 టన్నులు. చెక్క దిమ్మె మీద సగం బరువు పట్టు ఉందని ఉదారంగా లెక్కించినా 10. మిగిలిన ఆరు టన్నులను మీరు మర్యాద కోసం వేసిన ఆ ఒక్క గొలుసు ఆపాలి. మీ వీపుకూ ఆ రాయికీ మధ్య ఉన్నది క్యాబిన్ రేకు ఒక్కటే.


చీమకుర్తి రాళ్లబండి:

టీచరమ్మ గారూ, చివరి ముక్క చదివి బండి దగ్గరికి వెళ్లి క్యాబిన్ వెనక రేకును వేళ్లతో కొట్టి చూశాను. డబ్బా చప్పుడు వచ్చింది. ఇన్నేళ్లూ ఆ రేకుకు వీపు ఆనించే భోజనం చేశాను.

పాతకాపు గారూ, మీరన్నట్టే గీత మెట్లు మెట్లుగా ఉంది. లెక్కపెట్టాను, పందొమ్మిది దాకా కనిపించాయి, ఆ తర్వాత కలిసిపోయాయి.

లాకులు పెట్టిద్దామనే నిర్ణయానికి వచ్చాను. నాలుగా, ఎనిమిదా? వెల్డింగ్ చేయించాలా, బోల్టులా? రాళ్లు వేసుకున్నప్పుడు అవి అడ్డం రావా? ఇంకా, ఇరవై అడుగులవి రెండు వేసినప్పుడు తలుపులు ఏ వైపు ఉండాలి? మొన్న వెనక పెట్టె తలుపు కూడా దారంతా టకటక కొట్టుకుంటూనే ఉంది.


పాతకాపు, వెంకటాచలం:

ఎనిమిది పెట్టించు. ఒక్కసారి ఖర్చు. చివరి నాలుగు నలభై అడుగుల దానికీ పనికొస్తాయి, మధ్య నాలుగు కలిస్తే రెండు ఇరవైలకు సరిపోతాయి. ఇరవై అడుగుల పెట్టె పొడవు 6,058 మిల్లీమీటర్లు, నలభైది 12,192. రెండు ఇరవైలు కలిపినా 76 మిల్లీమీటర్లు సందు మిగిలేలా ముందే ఆలోచించి పెట్టారు. రంధ్రాల నడిమి కొలతలు పేపరు మీద రాసుకుని షెడ్డుకు వెళ్లు: ఇరవైకి పొడవున 5,853, నలభైకి 11,985, అడ్డంగా రెండింటికీ 2,259. ఏ దేశంలో చేసిన పెట్టె అయినా ఇవే కొలతలు. మేస్త్రి "కంటితో చూసి పెట్టేస్తాను" అంటే ఆ షెడ్డు నుంచి బండి తిప్పుకుని వచ్చేయి.

పై రేకుకు వెల్డింగ్ కొట్టించవద్దు. రేకు ఎంత మందం ఉన్నా చిరుగుతుంది. లాకు కూర్చునే దూలం అడ్డంగా వేసి, దాన్ని కింది పొడవు దూలాలకు కట్టాలి. ఆ పొడవు దూలం అంచుల మీద ఇష్టం వచ్చినట్టు వెల్డింగ్ పెడితే ఆరు నెలలకు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. ట్రెయిలర్లు కట్టే షెడ్డులోనే చేయించు, ఊళ్లో గేట్లు చేసే వాళ్ల దగ్గర కాదు. రాళ్లకు అడ్డం రాకుండా కిందికి మడిచి దాచే రకం లాకులు దొరుకుతాయి.

లాకు ఎలా పనిచేస్తుందో నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, ఎందుకంటే నేను చూసిన ప్రమాదాల్లో సగం లాకు లేక జరగలేదు, ఉండి జరిగాయి. పుట్టగొడుగు తల లాంటిది మూల రంధ్రంలోకి పైకి దూరుతుంది. పిడి తిప్పితే తల పావు చుట్టు తిరిగి అడ్డం పడుతుంది. పాత పెట్టెలు మెలికపడి ఉంటాయి, ఒక మూల కాస్త లేచి ఉంటుంది. అప్పుడు పిడి తిరిగినట్టే ఉంటుంది, తల మాత్రం సగమే తిరుగుతుంది. పిడిని నమ్మవద్దు. క్యాస్టింగ్ పక్క రంధ్రంలోంచి టార్చి వేసి చూడు, తల పూర్తిగా అడ్డం పడిందో లేదో కనిపిస్తుంది. నాలుగు మూలలకూ వంగాలి. నా మోకాళ్లు పోయింది అలాగే. తర్వాత కింది నట్టు బిగించు. పిడి బిగిసిన దిక్కున పసుపు రంగు గీత కొట్టుకుంటే అద్దంలోనే తెలుస్తుంది.

లాకు పడితే ఏమవుతుంది? ఒంటరిగా ఉన్న నాలుగు టన్నుల పెట్టెకు నీ ట్రెయిలర్ బరువంతా తోడవుతుంది. గాలి ఇక పెట్టెను ఒక్కదాన్నే నెట్టలేదు, బండినంతా నెట్టాలి. అలాగని మలుపుల్లో ధైర్యం వద్దు. సరుకుతో ఉన్న బండి కంటే ఖాళీ పెట్టె బండి గాలికి ఎక్కువ ఊగుతుంది. పెన్నా వంతెన మీద స్టీరింగు లాగినట్టు అనిపిస్తే వేగం తగ్గించు, బ్రేకు తొక్కవద్దు.

తలుపులు: ఇరవైలు రెండైతే తలుపులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టించు. ఆ మూడు వేళ్ల సందులో తలుపు తెరుచుకోమన్నా తెరుచుకోదు. ఒక్కటే అయితే కడ్డీలన్నీ పడ్డాయో లేదో చూసి, పిడులకు తీగ చుట్టు.

మరో మాట. బండి బల్ల ఎత్తు ఒకటిన్నర మీటరు, పెట్టె 2.9. మొత్తం 4.4 మీటర్లు. హైవే మీద ఏమీ కాదు. చెరువు గట్ల మీద కరెంటు తీగలు ఏ ఎత్తులో వేలాడుతున్నాయో ఆ రైతును ముందే అడుగు. అడగడం కాదు, వెళ్లి చూసి రా. రొయ్యల రైతులకు ఏరేటర్ తిరిగితే చాలు, తీగ ఎంత కిందికి ఉందో పట్టదు.


కావలి లారీ:

సరే, ఇసుక మాట వెనక్కి తీసుకుంటాను. రబ్బరు చాపలు ఎక్కడ దొరుకుతాయో పాతకాపు గారు చెబితే రెండు జతలు నాక్కూడా.


పాతకాపు, వెంకటాచలం:

నా కొట్లోనే దొరుకుతాయి. వ్యాపారం ఉందని మొదటే చెప్పాను కదా.


చీమకుర్తి రాళ్లబండి:

ఆలస్యంగా రాస్తున్నాను, పని అయ్యాక చెబుదామని ఆగాను.

ఒంగోలు షెడ్డులో ఎనిమిది లాకులు పెట్టించాను. మేస్త్రి కొలతల కాగితం చూసి మొహం చిట్లించాడు గానీ టేపు పెట్టే చేశాడు. ఎదురుబొదురు మూలలకు టేపు పట్టి కొలిచి, రెండు వైపులా ఒకే కొలత వచ్చాకే బోల్టులు బిగించాడు.

చెరువు దారి ముందే చూసి వచ్చాను. ఒకచోట తీగ బాగా కిందికి ఉంది. కరెంటు వాళ్లకు రైతు చేత చెప్పించి ఎత్తు పెంచేదాకా కదలలేదు. వారం పోయింది.

మొదటి హై క్యూబ్ మొన్న మంగళవారం తెచ్చాను. యార్డులో క్రేను దించినప్పుడు మూడు మూలలు కూర్చున్నాయి, కుడి వెనక మూల వేలి మందం లేచి ఉంది. పిడి మాత్రం హాయిగా తిరిగింది. టార్చి వేసి చూస్తే తల ఏటవాలుగా ఆగి ఉంది. మీరు చెప్పకపోతే పసుపు గీత మీద పిడి ఉంది కదా అని బయలుదేరేవాణ్ణే. పెట్టెను మళ్లీ ఎత్తించి, క్యాస్టింగ్ రంధ్రంలో గట్టిపడిన మట్టి పెళ్లను స్క్రూడ్రైవరుతో గీకాను. గుప్పెడు వచ్చింది. అప్పుడు కూర్చుంది. క్రేను ఆపరేటరు గొణిగాడు, టీ ఇప్పించాను.

తడ దాటాక ఒకసారి, మనుబోలు దగ్గర ఒకసారి ఆగాను. తడ దగ్గర ఒక నట్టు పావు చుట్టు తీసుకుంది. ఆ తర్వాత ఏదీ తీసుకోలేదు. దగదర్తి దాటాక గాలి అలాగే ఉంది. బండి ఊగుతుంటే చేతులు చెమట పట్టాయి, అద్దంలో మాత్రం పెట్టె గోడ, బండి అంచు గీత గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. కావలి దాకా ఎన్నిసార్లు చూశానో.

తప్పు మాత్రం దించేటప్పుడు జరిగింది. మూడు లాకులు తీశాను, నాలుగోది బిగుసుకుపోయింది. నూనె తెద్దామని క్యాబిన్ వైపు వెళ్లాను. ఈలోగా హైడ్రా కుర్రాడు నేను లాకులన్నీ తీసేశాననుకుని ఎత్తడం మొదలుపెట్టాడు. ట్రెయిలర్ వెనక మూల పెట్టెతో పాటే లేవసాగింది. టైరు పైన స్ప్రింగు పట్టీలు విచ్చుకుంటుంటే వచ్చే చప్పుడు ఉంటుందే, అది విని అరిచాను. దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు నాలుగు పిడులకు నాలుగు ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉంచుతున్నాను. నాలుగూ విప్పి హైడ్రా డ్రైవరు చేతికి ఇచ్చాకే ఎత్తాలి.

నిన్న క్వారీలో బ్లాకు ఎక్కించాక కట్టడానికి నాలుగు గొలుసులు బయటికి తీశాను, రెండు ముందుకు పోకుండా, రెండు వెనక్కు పోకుండా. "ఏమిటి, రాయి ఎగిరిపోతుందా?" అని నవ్వాడు అక్కడి మేస్త్రి. టీచరమ్మ గారి ఆరు టన్నుల లెక్క చెప్పాను. పూర్తిగా వినలేదు. నేను క్యాబిన్ వెనక రేకును వేళ్లతో కొట్టి వినిపించాక నవ్వు ఆపి, నాలుగో గొలుసు బిగించడానికి కుర్రాణ్ణి పంపాడు.

పెట్టెలు ఇంకా అయిదు ఉన్నాయి. శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను. బిగుసుకున్న ఆ లాకుకు గ్రీజు పెట్టాను.